గుడ్లు పెట్టని గొగుమా

దాణా బస్తాను కౌంటర్ మీద ధబ్బున పడేసి, "మీది దొంగ దాణా" అంది ఆ అమ్మాయి.

కొరియాలో గురే అనే మా ఊరి సంతవీధిలో మా మామయ్యది దాణా కొట్టు. నా పేరు తేగ్యు. మూడేళ్లుగా అక్కడ బస్తాలు మోస్తున్నాను, పొద్దున్నే తిట్లు తినడం నాకు కొత్త కాదు. కానీ తడిసిన గొడుగు విదిలిస్తూ, ముక్కు ఎర్రగా చేసుకుని ఇంత అందంగా తిట్టే మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

"ఏమైందండీ?"

"రెండు నెలల నుంచి మీ గుడ్ల దాణానే పెడుతున్నా. మా కోడి ఒక్క గుడ్డు పెడితే ఒట్టు."

"దాని వయసెంత?"

"ఏడేళ్లు."

నవ్వకూడదని తెలిసీ నవ్వేశాను. "ఏడేళ్ల కోడికి గుడ్ల దాణా ఎందుకండీ, దండగ!"

"దండగా? ముసలిదైతే తిండి మాన్పించాలా? మీ అమ్మమ్మకీ ఇలాగే చేస్తారా?"

కొట్టులో ఉన్న ఇద్దరు రైతులు నా వైపు అదోలా చూశారు.

"అయ్యో, అది కాదండీ బాబూ! గుడ్ల దాణాలో సున్నం ఎక్కువ. గుడ్డు పెట్టే కోడికైతే అది పెంకులోకి పోతుంది. పెట్టని కోడికి ఎక్కడికి పోతుంది? కిడ్నీలకి పట్టుకుంటుంది. మీరు ప్రేమగా పెట్టి దాన్ని చంపుతున్నారు."

ఆమె కౌంటర్ మీది బస్తా వైపు చూసింది. గొంతు తగ్గించి అడిగింది. "మరి ఏం పెట్టాలి?"

"ఎదిగే కోడిపిల్లలకి వేసే దాణా. పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు. మధ్యలో ఆకుకూర తుంచి వెయ్యండి. నూకలు మాత్రం తగ్గించండి, కొవ్వు పడుతుంది. చలికాలంలో గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పెట్టండి."

ఆమె చేతిమీద పెన్నుతో రాసుకుంది. పేరు నారె. లైబ్రరీలో ఉద్యోగం. కోడి పేరు గొగుమా, అంటే చిలగడదుంప. దాని రంగు అదేనట.

గొగుమా కథ మరుసటి వారం తెలిసింది. సియోల్‌లో ఉద్యోగ పరీక్ష మూడోసారి తప్పి, నారె ఇంటికొచ్చి గది తలుపేసుకుందట. ఎవరు పిలిచినా పలకలేదు. ఆ ఏడాది కోడిపిల్లగా ఉన్న గొగుమాకి మేత వెయ్యడానికి మాత్రమే రోజూ బయటికొచ్చేదట.

"ఇప్పుడది గుడ్లు మానేసిందని అమ్మకి తెలిస్తే ఎండాకాలంలో అందరూ కోడిసూపు తాగే రోజు రాగానే దీన్నే వండేస్తుంది. గుడ్డు పెట్టని కోడికి మా ఇంట్లో గింజ కూడా దండగే అంటుంది."

"ఇన్నాళ్లూ ఎలా దాచారు?"

"అంగడి గుడ్లు గూట్లో పెట్టాను."

"వాటిమీద తేదీ ముద్ర ఉంటుంది కదా?"

"వెనిగర్‌తో తోమేశాను." నారె తల దించుకుంది. "పెంకు మెత్తబడి అమ్మ చేతిలోనే చితికింది. కోడికి సున్నం చాల్లేదు, గుడ్ల దాణా పట్రా అంది. అందుకే మీ కొట్టుకొచ్చా."

ఈసారి నేను నవ్వితే తిట్టలేదు. తనూ నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

మా అమ్మకి పన్నెండు పెట్టలున్నాయి. ఇంటి గుడ్లు కదా, ముద్రల గొడవ లేదు. "వారానికి మూడు తెచ్చిస్తా. ఏడేళ్ల కోడికి అంతకు మించితే అనుమానం వస్తుంది" అన్నాను.

ప్రతి మంగళవారం మూడు గుడ్లు చేతులు మారడానికి మొదట్లో ఐదు నిమిషాలు పట్టేది. తర్వాత అరగంట. వానాకాలం వచ్చేసరికి, లైబ్రరీ వెనక చూరు కింద చీకటి పడేదాకా నిలబడేవాళ్లం. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

ఒకరోజు నారె చినుకుల్లోకి చెయ్యి చాపి, నా వైపు చూడకుండా అడిగింది. "నాకు గుడ్లు అక్కర్లేకపోయినా వస్తావా?"

"మంగళవారాలేనా, రోజూనా?"

"ఛీ, నీతో ఏదీ సరిగ్గా మాట్లాడలేం."

"రోజూ వస్తా నారె. గుడ్లు వంకే."

అలా ఏడాది గడిచింది. పెళ్లి మాట నారె ఇంట్లో చెప్పింది. వాళ్లమ్మ ఆదివారం భోజనానికి రమ్మంది. పిలుపొచ్చిన సాయంత్రమే నారె ఫోను, ఏడుపు గొంతుతో.

"అమ్మ నీకోసం గొగుమాని కోస్తుందట!"

మావైపు కాబోయే అల్లుడు గడప తొక్కితే, అత్తగారు ఇంట్లో గుడ్లు పెట్టే పెట్టను కోసి పెడుతుంది. సంతలో కొన్నది పనికిరాదు. ఇంటికి ఆధారమైన కోడిని కోసిందంటే నిన్ను మావాణ్ణి చేసుకున్నాం అని. వద్దంటే పిల్లనే వద్దన్నట్టు.

"ఎనిమిదేళ్లొచ్చినా గుడ్లు పెట్టే ఇలాంటి కోడి ఊళ్లో ఇంకెవరికుంది అని మురిసిపోతోంది" అంది నారె.

దాని ప్రాణం కాపాడటానికి పెట్టిన గుడ్లే దాని పీక మీదికి తెచ్చాయి. నిజం చెబితే వచ్చే ఎండాకాలం సూపు, చెప్పకపోతే ఆదివారం సూపు. పైగా ఏడాదిగా మోసం చేశానని తెలిస్తే ఏ తల్లి పిల్లనిస్తుంది?

ఆదివారం పియర్ పళ్ల బుట్టతో వెళ్లాను. పెరట్లో ఇనప కాగులో నీళ్లు మరుగుతున్నాయి. చెక్కబల్ల కింద గొగుమా, కాళ్లకి తాడు. నారె వాళ్లమ్మ సానరాయి మీద కత్తి నూరుతోంది. మిరపతోట ఒంటిచేత్తో చేసుకునే మనిషి, మాట కూడా మిరపకాయే.

"వచ్చావా దాణా అబ్బాయ్? కూర్చో. రెండు కాళ్లూ నీకే."

"అత్తయ్యగారూ…"

"ఇంకా అత్తను కాలేదు. కోడి తిన్నాక పిలువు."

"నాకు… కోడి పడదండీ."

ఆవిడ కత్తి ఆపింది. "మొన్న సంతలో చూశాగా, కోడికాలు పట్టుకుని ఈడ్చి తింటున్నావు. కోడి వద్దంటున్నావా, మా ఇల్లు వద్దంటున్నావా?"

నారె ముఖం పాలిపోయింది. ఇక లాభం లేదనిపించింది.

"అల్లుడికి గుడ్లు పెట్టే కోడిని కొయ్యాలి కదండీ. ఇది పెట్టదు. ఏడాది దాటింది మానేసి."

"నిన్న కూడా గూట్లో గుడ్డుంది!"

"అది మా ఇంటిదండీ."

"అమ్మా, నాదే తప్పు…" అని నారె ముందుకొచ్చింది.

"గుడ్లు తెచ్చింది నేను" అన్నాను. "వారానికి మూడు."

ఆవిడ బల్లమీద కూర్చుండిపోయింది. "మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు. పెట్టలు సరిగ్గా పెట్టడం లేదని దాణా మార్చమంటోంది."

"ఇద్దరు తల్లుల కళ్లలో దుమ్ము కొట్టావన్నమాట. ఒక్క ముసలి కోడి కోసం!"

"కోడి కోసం కాదండీ, నారె కోసం. ఆ కోడే లేకపోతే ఆ ఏడాది తను గది దాటి వచ్చేది కాదట. తనని బయటికి తెచ్చిన కోడిని కోసి నాకు పెడితే నేనెలా మింగను?" బల్ల కింద గొగుమాని చూపించాను. "నారెని నాకివ్వండి. దీని మేత బతికినన్నాళ్లూ నేను తెస్తా. పిల్లని ఇవ్వకపోయినా మేత మాత్రం తెస్తా."

మూసి ఉన్న ఆ గది తలుపు ముందు అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయో ఏమో, ఆవిడ కూతురి వైపు చాలాసేపు చూసింది. తర్వాత కత్తి తీసుకుని వంగింది.

తాడు తెగింది. గొగుమా రెక్కలు దులుపుకుని, మాతో తనకేం సంబంధం లేనట్టు ఆకుకూర మడిలోకి నడిచింది.

"ఏడాదిగా ఈ ఇంట్లో గుడ్లు పెట్టింది నువ్వు" అందావిడ, కత్తి నా వైపు చూపిస్తూ. "మన ఆచారం ప్రకారం కొయ్యాల్సింది నిన్నే."

నారె ఏడుస్తూనే పకపకా నవ్వింది. వాళ్లమ్మ లోపలికెళ్లి బుట్టలో ఉన్న గుడ్లన్నీ తెచ్చి కాగులో మరిగే నీళ్లలోకి కొట్టింది, ఉల్లికాడలు తరిగి వేసింది. పొగలు కక్కే గిన్నె అందరికంటే ముందు నా ముందు పెట్టింది.

చెంచా ఎత్తాను గానీ, ముందు నారె వైపు చూశాను.

"తిను అల్లుడూ, చల్లారిపోతుంది" అంది మా అత్తగారు.