పదికి తొమ్మిది

షోరూములో సోఫా ఎంత మెత్తగా ఉంటే బిల్లు అంత గట్టిగా ఉంటుంది. ఈ సంగతి తెలిసిన మనిషి గనక ఆమె సోఫాలో కూర్చోలేదు. కౌంటరు ముందు నిలబడి తన చిన్న కారు సర్వీసింగు బిల్లును పరీక్ష పేపరులా వేలు పెట్టి చదువుతోంది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు.

కౌంటరుకు అవతల సర్వీసు అడ్వైజరు. బండి తీసుకోవడం, ఏమేం చెయ్యాలో కార్డు మీద రాయడం, అయ్యాక అప్పగించడం అతని పని. మెడలో టై, మొహాన నవ్వు. రెండూ కంపెనీవే.

"ఎయిర్ ఫిల్టరు మార్చారా?"

"మార్చాం మేడమ్. బిల్లులో ఉంది కదా."

"బిల్లులో ఉంది. బండిలో ఉందా అని."

అతను నమ్మకంగానే వెళ్ళి బానెట్ ఎత్తాడు, ఫిల్టరు పెట్టె క్లిప్పులు విప్పాడు. లోపల దుమ్ము పట్టిన ఫిల్టరు. దాని అంచున ఎర్రటి చుక్క. టీచరు తన చిటికెన వేలు చూపించింది. గోటి మీద అదే ఎరుపు.

"నిన్న నేనే పెట్టాను. మీ కొత్త ఫిల్టరు పుట్టుమచ్చతోనే పుట్టిందా?"

అతని మెడకు టై బిగుసుకుంది. షెడ్డులో నిజంగా ఏం మారుస్తున్నారో అతనెన్నడూ వెళ్ళి చూడలేదు. మూడేళ్ళుగా కాగితం మీద టిక్కు చూసి చేశామని చెబుతున్నాడు. తెలియక అబద్ధం చెప్పేవాణ్ణి అబద్ధాలకోరు అనలేం గానీ, వాడు తినేది మాత్రం అబద్ధం పెట్టిన కూడే.

ఇలాంటప్పుడు తప్పును కంప్యూటరు మీదికి నెట్టెయ్యాలని మేనేజరు నేర్పాడు. అతను నెట్టలేదు. తప్పయిందన్నాడు. టై కట్టకముందు మెకానిక్కే గనక తనే కొత్త ఫిల్టరు తెచ్చి, చేతులు నల్లగా చేసుకుని బిగించాడు. అప్పుడతని మొహాన కంపెనీ నవ్వు లేదు. అదే ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆరు నెలలకు మళ్ళీ సర్వీసింగు. బయట వాన, ఆమె జడ కొసన నీటిబొట్లు. ప్రతి కార్డు మీదా మూడు అదనపు పనులు రాయించాలని మేనేజరు హుకుం. అడుగున పూత, ఇంజన్‌కు కడుగుడు మందు, ఏసీకి వాసన మందు. నడిచే కారుకు రోగాలు అంటగట్టే ఆసుపత్రి అది. మేనేజరు వెనకాలే నిలబడి ఉండగా అడ్వైజరు ఆయిలు, వైపరు బ్లేడ్లు రాసి పెన్ను మూసేశాడు. పూత సంగతేమిటని మేనేజరు దగ్గాడు. ఈ బండికి అక్కర్లేదన్నాడు అతను.

టీచరుకు అనుమానం వచ్చింది. కొత్త ఎత్తు కాబోలు.

"వద్దు వద్దంటూ అమ్మే రకమా మీరు?"

"ఏమీ అమ్మడం లేదండీ."

"మరి ఆ నవ్వు?"

"ఇది నాదే."

ఆమె తల తిప్పి వానను చూసింది. అంతలా చూడాల్సినంత వానేం కాదది.

ఆ సాయంత్రం కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, అడ్వైజరుకు పదికి ఎన్ని మార్కులిస్తారని అడిగారు. చాలాసేపు ఆలోచించి తొమ్మిదంది. ఆమె చేతి మీదుగా అంతకు మించి ఎవరికీ రాలేదు. మూడు రోజులు ఫోన్ దగ్గరే పెట్టుకుంది. అది మోగలేదు.

మోగదు. ఆ కంపెనీలో పదంటేనే పాసు, తొమ్మిదంటే సున్నా. అందుకే అక్కడి అడ్వైజర్లు తాళం చేతిలో పెడుతూ పదివ్వమని బతిమాలతారు. ఇతను బతిమాలలేదు. కార్డుల మీద అదనపు పనులు లేవన్న కోపంతో ఉన్న మేనేజరుకు ఆ తొమ్మిది చేతికందిన కర్ర.

రెండో వారం, వైపరు కిర్రుమంటోందని ఆమె షోరూముకు వెళ్ళింది. కౌంటరులో ఇంకెవరో ఉన్నారు. అతను వెనకాల రబ్బరు బూట్లతో, గొట్టం పట్టుకుని కార్లు కడుగుతున్నాడు.

"ఇక్కడున్నారేంటి?"

"మీరిచ్చిన మార్కులు కడుక్కుంటున్నా," అని విషయం చెప్పాడు.

ఆమె మొహం పాలిపోయింది. "పదివ్వమని ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే మళ్ళీ ఎత్తు అనుకుంటారుగా."

నిజమే.

"నేనెవరికీ పదికి పదివ్వను. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందని అడగడానికే పిల్లలు నా దగ్గరికి వస్తారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరూ వస్తారనుకున్నా."

అతని చేతిలో గొట్టం దారి తప్పి, ఎవరిదో కారు తెరిచిన కిటికీలోకి తిరిగింది.

ఆమె తిన్నగా మేనేజరు గదికి వెళ్ళి మార్కు మార్చమంది. ఒకసారి ఎక్కింది మారదన్నాడు. అదే నోటితో, అడుగున పూత మీద తగ్గింపు ఉందన్నాడు. అంతే. ఆమె బయటికొచ్చి, సోఫాల్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా ఎర్రచుక్క పాఠం చెప్పింది. ఒక్కొక్కరే లేచి తమ బానెట్లు ఎత్తించడానికి వెళ్ళారు. మెత్తటి సోఫాలు ఖాళీ.

ఆ సాయంత్రానికి అతనికి గొట్టం కూడా మిగల్లేదు. నెల తిరక్కుండా రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. అక్కడ సోఫా లేదు. బండివాళ్ళు పక్కనే నిలబడి చూడాలి, విప్పిన పాత సామాను వాళ్ళ చేతికే ఇస్తాడు. టీచరు ప్రతి ఆదివారం వచ్చి నిలబడేది. వైపరు కిర్రు తగ్గడం లేదట.

ఒక ఆదివారం ఆమె తండ్రి తోడొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి. స్టీరింగు ముందు కూర్చుని, అద్దం తడిపి వైపరు తిప్పాడు. చప్పుడే లేదు.

"వానల్లేవు, దుమ్ము లేదు, ఈ నాలుగు వారాల కిర్రేమిటమ్మాయ్?" అన్నాడు. కూతురు మొహం గోళ్ళ రంగుకొచ్చింది. ఆయన అతని వైపు తిరిగాడు. "ఇది పెళ్ళి చేస్తే తగ్గే చప్పుడులా ఉంది. మా అమ్మాయికి పదికి ఎన్నిస్తావు బాబూ?"

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"తొమ్మిదండీ."

టీచరు గిరుక్కున తిరిగింది. "ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?"

"రోజూ ఇలా అడుగుతారని," అన్నాడు.