దేవుడమ్మ కుర్చీ

సముద్రపు నాచును పలచటి తెరలుగా పరిచి ఆరబెట్టే ఆ కర్మాగారంలో ఒక్కో తెరకు ఇద్దరు ఆడవాళ్ళు, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. ఆ పొద్దున నూకరత్నం తన కొస పట్టుకుని నిలబడింది. అవతలి కొస పట్టుకుని దేవుడమ్మ కూర్చుంది. కొత్త కుర్చీలో, దర్జాగా! నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది.

ఆ కుర్చీని ఇప్పించింది మొరవిని. పనివాళ్ళ గోడు వినడానికి యాజమాన్యం మేస్త్రీలను మానిపించి గోడకు బిగించిన యంత్రమది. పలక మీద అరచెయ్యి ఆనించి చెప్పుకోవాలి. నాడిని బట్టి నొప్పిదీపం వెలుగుతుంది. దీపం ఎర్రబడితే బాధకు మూలమేదో పట్టుకుని అప్పటికప్పుడు తొలగిస్తుంది. అబద్ధం చెబితే దీపం ఎర్రబడదు. లంచం లేదు, మొహమాటం లేదు. సమ్మె అన్న మాటే అందరూ మరిచిపోయారు.

నూకరత్నం మాత్రం ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి కాళ్ళనొప్పికి అలవాటుపడిపోయింది. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా నాడి ఉలకదు, దీపం తెల్లగా మిణుకుమనేది. నిన్నగాక మొన్న చేరిన దేవుడమ్మ మోకాలు పట్టుకుని “అమ్మో” అనగానే ఎర్రబడింది. ఇదెక్కడి న్యాయం?

“ఏటొదినా, మొకం అలగెట్టావు?” అంది దేవుడమ్మ. “ఓపాలి నువ్వు కూకో, నాను నిలబడతాను.”

“నీ ఎంగిలి కుర్చీ నాకెందుకే? మారాణివి, నువ్వే కూకో.”

మధ్యాహ్నం నూకరత్నం పలక మీద చెయ్యి పెట్టింది.

“కాళ్ళు పీకేస్తన్నాయి.” దీపం తెల్లగానే ఉంది. “నిలబడలేకపోతన్నాను.” అదే తెలుపు. ఆమెకు ఏడుపొచ్చింది. “మరి ఆ దేవుడమ్మకి కుర్చీ ఇచ్చారు గదా! దాన్ని సూత్తేనే నా కడుపు రగిలిపోతంది!”

దీపం భగ్గున ఎర్రబడింది. తన గోడు మొదటిసారి నెగ్గింది! నూకరత్నం గబగబా తిరిగి వచ్చింది. కుర్చీ ఉన్నచోటే ఉంది. దేవుడమ్మ మాత్రం మూట సర్దుకుంటోంది.

“మొరవిని నన్ను నెల్లూరు శాఖకి ఎల్లిపొమ్మంటంది, ఇప్పుడే. ఎందుకో సెప్పలేదు. పిల్లలింకా బడికాడే ఉన్నారు...” దేవుడమ్మ కళ్ళు తుడుచుకుని కుర్చీని ఇటు జరిపింది. “కూకో ఒదినా. నీ కాళ్ళు బాగా వాచిపోనాయి.”

నూకరత్నం వెనక్కి పరుగెత్తి రెండు చేతులూ పలకకు ఆనించింది.

“దేవుడమ్మని పంపకండి! అది నన్నేటీ సెయ్యలేదు. నానే కుళ్ళుబోతుదాన్ని. నా నోరు పడిపోను, నా మూలంగానే ఇంత జరిగింది!”

దీపం ఇందాకటికంటే ఎర్రగా వెలిగింది. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది.

మొరవిని ఎప్పటిలాగే మర్యాదగా పలికింది. “మీ బాధ నిజమైనది. దానికి మూలం నూకరత్నం. ఆమెను పనిలోంచి తొలగించాం. ఇకపై మీకు ఏ ఇబ్బందీ ఉండదు.”

బయట దేవుడమ్మ ఎక్కిన బండి బయలుదేరింది.