ఫనాయె మొదటి బాన

పొద్దున లేవగానే ఫనాయె చేసే మొదటి పని బానకు చెవి ఆనించడం. లోపల గేషో ఆకుతో పులుస్తున్న తేనె నీళ్ళు బుసబుసమంటుంటే ఆమె ముఖం వెలిగిపోయేది. తన చేత్తో పెట్టిన మొదటి తేజ్, విందుల్లో పోసే తేనె కల్లు మరి! ఆదివారం ఆడపడుచు ఎల్ఫినెష్‌ను అడగడానికి పెళ్ళికొడుకు తరఫు పెద్దలొస్తున్నారు. గోండార్‌లో ఆ పేటంతా అత్తగారు అస్కాల తేజ్‌ను మెచ్చుకునేవాళ్ళే. ఆ ఇంటి బాన చెడితే నలుగురిలో తలెత్తుకోగలరా?

కానీ వానాకాలంలో వచ్చిన జ్వరం అస్కాల నాలుకను చంపేసింది. ఉప్పూ కారం ఏదీ తెలియదు. అందుకే బాన కోడలి చేతికొచ్చింది.

"ఫనాయే, ఇవాళ ఆకు తీసెయ్యి. ఇంకా నానితే చేదు దిగుతుంది," అంది అస్కాల, కాఫీ గింజలు వేయిస్తూ.

"సంతలో అందరూ ఉంచమన్నారత్తయ్యా. ఎంత నానితే అంత ఘాటట."

"వాళ్ళకేం, తాగేది వాళ్ళా? మూత తియ్యి, రంగు చూసి చెబుతా."

ఫనాయెకు చిర్రెత్తుకొచ్చింది. "రుచే తెలియనివారికి నా బాన జోలి ఎందుకండీ? మీ కాలం అయిపోయింది, వదిలెయ్యండి!"

అస్కాల గింజలు కలపడం మరిచిపోయింది. పెనం మీద అవి మాడిపోయాయి. ఆకు బానలోనే ఉండిపోయింది.

ఆదివారం పెద్దలు కూర్చున్నాక, వడకట్టిన తేజ్‌ను ఫనాయె ఒక గుక్క తాగి చూసింది. అయ్యో, కటిక చేదు! నోరు విప్పేలోపే అస్కాల కూజా అందుకుని వెళ్ళిపోయింది. పోసేవారే ముందు తాగాలి కదా, అరచేతిలో కాస్త పోసుకుని తాగింది.

"బాగుంది. పుచ్చుకోండి," అంది నవ్వుతూ.

అందరి మొహాలూ ముడుచుకుపోయాయి. పెద్దాయన బెజబీ మెల్లగా అడిగాడు: "అస్కాలా, ఇది నీ చేతిదేనా?"

ఆమె ఆ మొహాలు చూసింది. గుమ్మంలో తల వంచుకున్న కోడల్నీ చూసింది.

"నాదేనయ్యా. నాలుక పోయిందని చెప్పుకోలేకపోయాను. నా తప్పుకి పిల్లను కాదనకండి."

ఛీ, తప్పు తనదని ఒప్పుకోవడానికి ఫనాయె గుమ్మం దాటలేదు! పెద్దలు నవ్వేసి, సంబంధం ఖాయం చేశారు. వెళ్తూ ఒకాయన, "పాపం, అస్కాల పనైపోయింది," అన్నాడు. అది ఇంట్లో అందరికీ వినబడింది.

వంటింట్లో ఫనాయె అత్తగారి కాళ్ళ మీద పడింది. "ఎందుకలా చెప్పారు? ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తాను!"

"కూర్చోవే. ఇప్పుడు చెబితే నన్ను అబద్ధాలకోరంటారు. నా పేరుకిక ఎన్నాళ్ళు బతుకు? నువ్వు పెట్టాల్సిన విందులు ముందున్నాయి. మొదటి బానకే చెడ్డపేరొస్తే నీ గడప తొక్కేదెవరు?"

"నేనన్న ఆ మాట..."

"మనసు చివుక్కుమంది, లేదనను."

అస్కాల కూజాను పక్కన పెట్టింది. తర్వాత కోడలి దగ్గరికి జరిగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించింది.

"అంత చేదుగా ఉందా? ఎలా ఉందే? చెప్పవే, నాకేమీ తెలియలేదు."

ఫనాయె చెప్పబోయింది. అత్తగారి ఒళ్ళో తలపెట్టి ఏడ్చేసింది.