మూల మడిచిన దుప్పటి

సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో దుప్పట్లు ఉతికేది మేమిద్దరం, నేనూ మా వదినా. ఉతికినవి డాబా మీద తీగలకు ఆరేస్తాం. ఎండకి సబ్బు వాసనా ఉప్పుగాలీ కలిసి అక్కడ కాసేపు కూర్చోబుద్ధేస్తుంది. పొద్దు వాలే వేళకి గదిగదికీ వెళ్లి, రాబోయే అతిథి కోసం పక్క సర్ది, పైదుప్పటి మూల ఒకటి మడిచి వస్తాం. వచ్చినవాళ్లు ఆ మూల పట్టుకుని లోపలికి దూరడమే. మూల మడిచామంటే ఆ పడక ఎవరికో ఖాయమైనట్టే.

సీజన్ అయిపోయి టూరిస్టులు వెళ్లిపోయాక, ఊరివాళ్లం ఇసుకలో ఒక సాయంత్రం సంబరం చేసుకుంటాం. ఏడాదంతా వాళ్ల సెలవులకి మేం చాకిరీ చేస్తాం కదా, ఆ ఒక్క పూట మాది. నిరుడు ఆ పూటలోకి తుపాకులు జొరబడ్డాయి. ఎవడి పగో, ఎవడి పిచ్చో, ఇప్పటికీ తేల్చలేదు. టపాకాయలతో సంబరం మొదలుపెట్టడం మా అలవాటు. అందుకని మొదటి చప్పుడు వినగానే జనం చప్పట్లు కొట్టారు. రెండో దానికీ కొట్టారు. పడిపోయినవాళ్లు చప్పట్లు కొడుతూనే పడిపోయారు.

డాబా మీంచి ఆరిన దుప్పట్లు చంకన పెట్టుకుని పరుగెత్తి, వాళ్లని కప్పింది నేనే. కొన్నాళ్లకి అవి ఆసుపత్రి నుంచి మూటగా తిరిగొచ్చాయి. తగలబెడదామన్నాను. మేనేజరు అంతెత్తున లేచాడు.

"మరకలు పోతే వాడుకోవచ్చు. కొత్తవి కొనడానికి ఇదేమన్నా మీ పుట్టిల్లా?"

"అయితే మీ పడగ్గదిలో పరుచుకోండి సార్. నేనే ఇస్త్రీ చేసి తెస్తాను," అన్నాను.

మొహం మాడ్చుకుని వెళ్లాడు గానీ, నెగ్గింది మాత్రం ఆయన మాటే. వేడినీళ్లలో ఉడకబెట్టి మిగతావాటిలో కలిపేశాం. అన్నీ తెల్లవే. ఏది ఎవరి మీద కప్పిందో ఇంకెవరికి తెలుసు?

ఈ ఏడు టపాకాయలు వద్దన్నారు. సంబరం మాత్రం ఆపేది లేదన్నారు. నా కూతురు కొత్త పసుపు గౌను వేసుకుని, వెళ్దామని ఒంటికాలి మీద నిలబడింది. ఇంత ఉంటుంది, ఇంటా బయటా అందరూ పిట్ట అనే పిలుస్తారు.

"పైన దుప్పట్లు తీసొచ్చి నేనే తీసుకెళ్తాను. అందాకా అత్త దగ్గర కూర్చో. కదిలావంటే కాళ్లు విరగ్గొడతాను."

"ఎప్పుడూ అదే అంటావు. ఒక్కసారైనా విరగ్గొట్టావా?" అంది.

నవ్వుకుంటూ మెట్లెక్కి డాబా తలుపు తీశాను.

వెలుగింకా పూర్తిగా పోలేదు. గాలి లేదు. సబ్బు వాసన కూడా లేదు. టపాకాయలు కాలిన మందు వాసన... గొంతులో గీరుకుంటోంది. తీగలన్నీ ఖాళీ. క్లిప్పులు మాత్రం వాటిని అలాగే కరుచుకుని ఉన్నాయి.

దుప్పట్లు కింద ఉన్నాయి. నేల మీద, వరసగా. నిరుడు ఇసుకలో నేను కప్పిన వరసే. ప్రతి దుప్పటి కిందా ఎత్తు. తల ఉండాల్సిన చోట తల. పాదాల చోట పాదాలు.

దుప్పటి దెయ్యమంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. నవ్వమనండి. అక్కడికొచ్చి నవ్వమనండి.

నేను కదల్లేదు. అవీ కదల్లేదు.

అప్పుడు వినిపించింది. మెత్తగా. గుడ్డ కింద అరచెయ్యి అరచేతికి తగులుతున్న చప్పుడు. ముందు ఒక దుప్పటి కింద. తర్వాత దాని పక్కన. తర్వాత అన్నిటి కిందా... నెమ్మదిగా... చప్పట్లు.

వరస చివర ఒకటి మాత్రం చదునుగా ఉంది. దాని కింద ఎవరూ లేరు. పొట్టి దుప్పటి. పిల్లల మంచానికి వేసేది.

దాని మూల ఒకటి ఒద్దికగా మడిచి ఉంది.

మెట్లు ఎలా దిగానో తెలీదు. కింద వదిన ఒక్కతే ఉంది.

"పిట్టేది?"

"పాట మొదలైందని ఉరికింది. నీ కూతురే కదా, నా మాట వింటుందా?" నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందే?"

ఇసుకలోకి పరుగెత్తాను. దీపాలు, పాట, ఎగిరే పిల్లలు. వాళ్ల మధ్యలో పసుపు గౌను. రెక్క పట్టుకుని లాగాను.

"అమ్మా, వదులు! అందరూ చూస్తున్నారు, నా పరువు పోతోంది!"

"పోనీ. పద."

"ఈ ఒక్క పాట..."

"పదవే," అన్నాను గుసగుసగా.

ఠప్.

పాట ఆగింది. ఈసారి జనానికి తెలుసు. ఒక్కరూ చెయ్యి కదపలేదు. అయినా చప్పట్లు వినిపించాయి... వెనక నుంచి... పైనుంచి... మా హోటల్ డాబా వైపు నుంచి.

ఠప్. ఠప్.

పిట్టని ఇసుకలోకి తోసి మీద పడ్డాను.

అరుపులు, పరుగులు, పోలీసు ఈలలు. చాలాసేపటికి మైకులో చెప్పారు, ఎవడో రోడ్డు మీంచి గాల్లోకి కాల్చి పారిపోయాడని, ఎవరికీ ఏమీ తగల్లేదని. ఆ చీకట్లోనే పిట్టని తల నుంచి కాళ్లదాకా తడిమాను. తడి లేదు, గాయం లేదు. చంకనేసుకుని ఇంటికొచ్చాను. దారంతా దాని బరువే తెలియలేదు.

దీపం కింద గౌను విప్పి ఇసుక దులిపాను.

ముందు, బొత్తాల పక్కన, చిన్న గుండ్రటి రంధ్రం. అంచు నల్లగా కాలి ఉంది. తిప్పి చూశాను. వెనక, దానికి సూటిగా, ఇంకొకటి.

ఆ రెంటి మధ్యా నా బిడ్డ ఉంది. ఒంటి మీద గీత కూడా లేదు.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదు."

చాప మీద వెల్లకిలా పడుకుంది. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుంది. బయట ఆకు కదలడం లేదు. ఉక్కపోతకి నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"అమ్మా," అంది మెల్లగా. "చలేస్తోంది. ఏదైనా కప్పవే."