రెండో మేడం

మా బడి లైబ్రరీ పెద్దదేమీ కాదు. రెండు తరగతి గదుల మధ్య గోడ కొట్టేసి ఒకటిగా కలిపారంతే. ముందు సగంలో పిల్లలు కూర్చునే చాపలు, పొట్టి బల్లలు, తలుపు పక్కన నా టేబులు. వెనక సగంలో ఆరు ఇనప ర్యాకులు. ఆరో ర్యాకుకీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు ఉంటుంది. చిరిగిన పుస్తకాలు బైండింగుకి వెళ్లేదాకా అక్కడే పడుంటాయి. మధ్యాహ్నం వేళ కూడా అక్కడికి వెలుతురు సరిగ్గా రాదు. పాత కాయితం వాసన, ఎండిన జిగురు వాసన.

ఏడేళ్లుగా అక్కడ నేనే లైబ్రేరియన్‌ని. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఒక్కో తరగతికి వారానికి ఒక గంట. పిల్లలకి చదివి వినిపిస్తాను, అట్టముక్కలతో బొమ్మలాట ఆడిస్తాను, తలా ఒక వాక్యం చెప్పించి కథ అల్లిస్తాను. ఏడాదికి రెండుసార్లు ఎవరైనా రచయితని పిలుస్తాం. ఆ రోజుల్లో పిల్లల్ని పట్టుకోలేం.

ఈసారి వచ్చినాయనకి అరవై దాటాయి. బక్కపలచటి మనిషి, భుజానికి గుడ్డసంచీ. గొంతు మాత్రం చెవిలో చెప్పినంత మెత్తగా ఉంటుంది. వచ్చిన అయిదు నిమిషాల్లో పిల్లలు ఆయన్ని ‘కథల తాతయ్య’ని చేసేశారు. గురు, శుక్రవారాలు రెండు మధ్యాహ్నాలూ మూడో తరగతికే. మొత్తం ఇరవయ్యారుమంది. అందులో మా అమ్మాయి చిట్టి కూడా ఉంది. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఇంట్లో ఎక్కువగా నేనూ, అదీ.

గురువారం కథల తాతయ్య తెల్లకాయితాలు పంచాడు.

“మీకు తెలిసిన ఒక మనిషి గురించి రాయండి. బొమ్మ కూడా వెయ్యండి. కానీ ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతే రాయాలి. సరేనా?”

పిల్లలు బోర్లా పడుకుని మరీ రాయడం మొదలెట్టారు. ఇంతలో కొత్త పుస్తకాల జాబితా గురించి పెద్దమేడం నుంచి పిలుపొచ్చింది. వెళ్లి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

గంట కొట్టాక, మర్నాడు తాడుకి వేలాడదీద్దామని కాయితాలు ముందేసుకున్నాను. ఒకడు వాళ్ల తాత పళ్లసెట్టు కుక్క ఎత్తుకెళ్లిన సంగతి రాశాడు. ఒకమ్మాయి వాళ్ల అత్త గురకకి పక్కింటివాళ్లు తలుపు కొట్టారని రాసింది. నాలో నేనే నవ్వుకుంటూ అయిదో కాయితం తీశాను.

‘రెండో మేడం ఆరో ర్యాకు వెనక ఉంటుంది. మేడం బయటికి వెళ్లినప్పుడు మాకు కథ చెబుతుంది. చివర మాత్రం చెప్పదు.’

పిల్లల ఊహ అనుకుని పక్కన పెట్టాను. ఏడో కాయితంలోనూ రెండో మేడమే. తొమ్మిదిలోనూ. లెక్కపెడితే పదకొండు. గదిలో తలో మూల కూర్చున్న పిల్లలు రాసినవి. అన్ని బొమ్మల్లోనూ ఒకటే మనిషి. నా ముడి, నా కళ్లజోడు, నా ఆకుపచ్చ గళ్ల స్వెటరు.

నా ఒంటి మీదకి చూసుకున్నాను. ఆ రోజు నేను వేసుకున్నది కాఫీరంగు స్వెటరు. ఆకుపచ్చది నిన్నటిది.

ఆఖరి కాయితంలో దానికి జవాబు కూడా ఉంది. ‘రెండో మేడం ఎప్పుడూ మేడం నిన్న వేసుకున్న బట్టలే వేసుకుంటుంది. అలాగే గుర్తుపట్టాలి.’

నాకు మొదట భయం వెయ్యలేదు. ఒళ్లు మండింది. ఇదంతా ఈ పెద్దమనిషి పనే అనుకున్నాను. నేను లేని ఇరవై నిమిషాల్లో పిల్లల చెవుల్లో ఊది ఉంటాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న ఆయన్ని ఆపి, కాయితాలు ముందుపెట్టాను.

“పసిపిల్లలకి ఇలాంటివా సార్ నేర్పేది?”

ఆయన ఒక్కొక్కటీ చూశాడు. మొహంలో రంగు మారింది.

“నేను నేర్పలేదమ్మా. అసలు నేనే మిమ్మల్ని అడుగుదామనుకున్నాను. ఆవిడెవరు?”

“ఎవరావిడ?”

“మీరు వెళ్లాక వెనకాల పుస్తకాలు సర్దుతోందిగా. కనిపించలేదనుకోండి, దగ్గు వినిపించింది. మీకు అసిస్టెంటు ఉందేమో అనుకున్నా.”

“నాకు అసిస్టెంటెవరూ లేరు.”

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఎదుటివాళ్లే అబద్ధమాడుతున్నారని ఇద్దరికీ అనుమానమే. ఆయన సంచీ భుజానికేసుకుని వెళ్లిపోయాడు. కథలు రాసేవాళ్ల మాటలు నమ్మితే అయినట్టే, అని సణుక్కుంటూ టార్చి తీసుకుని ఆరో ర్యాకు వెనక్కి వెళ్లాను.

చిరిగిన పుస్తకాలు. దుమ్ము. గోడవైపు తిప్పిపెట్టిన ఒక పొట్టి స్టూలు. అది పిల్లల బల్ల దగ్గరిది. ఎవరు తెచ్చి పెట్టారో అనుకుంటూ దాని మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది.

ఇంటికి వెళ్లాక అన్నం పెడుతూ చిట్టిని అడిగాను. దాని కాయితం ఒక్కటే ఖాళీగా ఉంది.

“నువ్వెందుకు రాయలేదే?”

“రాయొద్దంది.”

“ఎవరు?”

చిట్టి కంచంలో వేలితో గీతలు గీసింది. “నీకు తెలుసనుకున్నా అమ్మా,” అంది.

“ఏం కావాలంట ఆవిడకి?”

అది నా చెవి దగ్గరికి వచ్చింది. “ఎవరైనా ఒక్కసారి అమ్మా అని పిలిస్తే చాలంట. బయటికి వచ్చేస్తుందంట.”

“నువ్వు పిలిచావా?”

తల అడ్డంగా ఊపింది. కాస్త ఆలస్యంగా ఊపింది.

శుక్రవారం దాన్ని ఇంట్లోనే ఉంచాల్సింది. కానీ ఆ రచయిత మీద అనుమానం నన్ను వదల్లేదు. పైగా ఆ రోజు తాళ్లకి రంగుకాయితాలు కట్టే పని చిట్టిదే. మానమంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. సరే, ఆయన బండారం ఇవాళ కళ్లారా చూద్దామనుకున్నాను. బయటికి వెళ్లినట్టు వెళ్లి, వరండా కిటికీ దగ్గర నిలబడితే సరి.

మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మేసింది. మూడింటికి వాన మొదలైంది, కరెంటు పోయింది. పిల్లలు చాపల మీద అర్ధచంద్రంలా కూర్చున్నారు. కథల తాతయ్య తన పుస్తకం తెరిచి, పడవ నడిపే ఎలుగుబంటి కథ అందుకున్నాడు.

“పెద్దమేడం పిలుస్తున్నారు సార్. ఇప్పుడే వస్తా,” అని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

కిటికీకి ఇనప గ్రిల్లు, లోపల అద్దం. అద్దం మీద వాన ఆవిరి. చేత్తో తుడిచి చూశాను. ఆయన చదువుతున్నాడు. పిల్లలు ఆయన్నే చూస్తున్నారు. అంతా మామూలుగానే ఉంది. నా అనుమానానికి నాకే సిగ్గేసింది.

అప్పుడు చివర కూర్చున్న పిల్లాడు తల తిప్పాడు. వెనక్కి. ర్యాకులవైపు.

వాడి పక్కనున్న పిల్ల తల తిప్పింది. దాని పక్కవాడు... ఆ పక్కది... గాలికి ఆకులు తిరిగినట్టు ఒక్కో తలా తిరిగిపోతోంది. చప్పుడు లేదు. ఆయన తల పైకెత్తలేదు. చదువుతూనే ఉన్నాడు. అందరికంటే ఆఖర్న మా చిట్టి తిరిగింది.

ఆ చీకటిలో ఏముందో నాకు కనిపించలేదు. వినిపించింది.

“సార్, జల్లు లోపలికి కొడుతోంది. తలుపు గడియ పెట్టేయండి.”

అది నా గొంతు.

మాట్లాడే ముందు నేను చిన్నగా గొంతు సవరించుకుంటాను. అది కూడా వినిపించింది.

“అలాగే మేడం,” అన్నాడాయన. పుస్తకంలో వేలు పెట్టుకునే లేచి వచ్చాడు. నేను తలుపు దగ్గరికి పరిగెత్తేలోగా లోపల గడియ పడింది.

రెండు చేతులతోనూ తలుపు బాదాను.

“తలుపు తియ్యండి సార్! నేను!”

చదవడం ఆగిపోయింది. తలుపుకి అవతల, చాలా దగ్గర్లో, ఆయన ఊపిరి.

“మేడం... మీరు లోపలే ఉన్నారుగా?”

“లోపల ఉన్నది నేను కాదు! పిల్లల్ని బయటికి పంపండి!”

లోపల్నుంచి ఆ గొంతు నిదానంగా అంది. “తియ్యకండి సార్. పిల్లలున్నారు.”

ఆయన స్థానంలో నేనున్నా ఆ మాటే నమ్మేదాన్ని. ఆయన లోపలికి తిరిగి అడిగాడు.

“పిల్లలూ... బయట తలుపు కొడుతున్నదెవరు?”

పిల్లలంతా ఒక్కసారే, హాజరు పలికినట్టు పలికారు.

“రెండో మేడం!”

ఎందుకలా అన్నారో అర్థం కాక కిటికీ అద్దంలోకి చూశాను. అద్దంలో నేను... నా ఒంటి మీద కాఫీరంగు స్వెటరు. రాత్రంతా నిద్రలేక, పొద్దున హడావిడిలో కుర్చీ మీద ఉన్నది తగిలించుకుని వచ్చేశాను.

నిన్నటి స్వెటరు.

తలుపు సందుకి నోరు ఆనించి పిలిచాను. “చిట్టీ... నా తల్లీ... నేనేనమ్మా. తలుపు తీయించు.”

“చిట్టీ,” అంది లోపలి గొంతు. “ఇలా రా.”

చిన్న అడుగుల చప్పుడు. నాలుగు... అయిదు... ఆగిపోయింది. ఏ వైపుకి వేసిందో తెలీదు. మళ్లీ కిటికీ దగ్గరికి పరిగెత్తాను. నా ఊపిరికే అద్దం మసకబారిపోయింది. ఎంత తుడిచినా...

“అమ్మా.”

మా చిట్టి అది. గట్టిగా అనలేదు. ఎవరినో దగ్గర్నుంచి పిలిచినట్టు అంది.

ఏ వైపు తిరిగి అందో... ఇప్పటికీ నాకు తెలీదు.

లోపల ఏదో పెద్దగా కూలింది. పిల్లల కేకలు. గడియ ఊడింది. తలుపు తెరుచుకుని కథల తాతయ్య బయటపడ్డాడు. ఒళ్లంతా ముచ్చెమటలు. నేను ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్లాను. ఆరో ర్యాకులోని పుస్తకాలన్నీ కింద గుట్టగా పడున్నాయి. సందులో ఎవరూ లేరు. స్టూలు తిరగబడి ఉంది.

చిట్టి గది మధ్యలో నిలబడి ఉంది. దాన్ని గుండెకి హత్తుకున్నాను. అది కర్రలా బిగుసుకుపోయింది. చేతులు నా చుట్టూ వెయ్యలేదు.

కథల తాతయ్య ఆ వానలోనే బయల్దేరాడు. గేటు దాకా వెళ్లినవాడు ఆగి, నన్ను ఎగాదిగా చూశాడు.

“మీరు... మీరేనా అమ్మా?” అని గొణిగాడు.

“నేనే సార్,” అన్నాను.

ఆయన తల ఊపలేదు. గబగబా వెళ్లిపోయాడు.

పెద్దమేడం అంతా విని, గాలికి ర్యాకులో పుస్తకాలు పడితే పిల్లలు జడుసుకున్నారని తేల్చేసింది. నేను మాత్రం ఆ గదిలోకి అడుగుపెట్టనని చెప్పేశాను. లైబ్రరీకి తాళం వేయించి, నన్ను ఆఫీసు పనిలోకి మార్చింది. తాళంచెవి ఆవిడ సొరుగులోనే ఉంటుంది.

శని, ఆదివారాలు చిట్టి మాట్లాడలేదు. జ్వరం లేదు. తినమంటే తింది, పడుకోమంటే పడుకుంది. రాత్రి లైటు ఆర్పాక మెలకువగా ఉందని తెలుస్తూనే ఉంది. నేను అటు తిరిగితే కళ్లు మూసుకునేది. జడుపు నాలుగు రోజుల్లో అదే పోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సోమవారం పొద్దున వంటింట్లో దాని డబ్బా సర్దుతున్నాను. వెనకాల వచ్చి నిలబడింది.

“ఇంకో డబ్బా కూడా పెట్టండి.”

పెట్టండి అంది. మా చిట్టి పుట్టాక నన్ను ‘మీరు’ అనడం అదే మొదటిసారి.

“ఎవరికే?” అన్నాను.

అది చాలా మర్యాదగా, పరాయివాళ్ల ఇంట్లో పిల్లలు మాట్లాడినట్టు మాట్లాడింది.

“మా అమ్మకండీ. శుక్రవారం నుంచీ ఏమీ తినలేదు.”

కొట్టబోయాను. ఏడవబోయాను. రెండూ చెయ్యలేకపోయాను. ఆ వరండాలో నిలబడి తలుపు బాదింది నేనే. గోళ్ల కింద పెయింటు పెచ్చులు ఇంకా ఉన్నాయి. నాకు తెలుసు, నేను నేనే. అయినా రెండో డబ్బా సర్దాను. దాని మొహం చూస్తూ కాదనలేకపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసు కిటికీలోంచి లైబ్రరీ తలుపు చూస్తూనే ఉన్నాను. తాళం తాళంలాగే ఉంది. పెద్దమేడం సొరుగు తెరవలేదు. చిట్టి చెట్టు కింద స్నేహితులతో కూర్చుని తింది. దాని పక్కన ఒకటే డబ్బా కనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చి సంచీ తీస్తే రెండు డబ్బాలూ ఉన్నాయి. చిట్టిది మెతుకులతో, ఎప్పట్లాగే. రెండోది శుభ్రంగా కడిగి, తుడిచి, ఒక పాత గుడ్డలో మూటకట్టి ఉంది. పొద్దున నేను గుడ్డ కట్టలేదు.

ఆ ముడి నాకు తెలుసు. అది మా అమ్మ నేర్పిన ముడి, ఒక్క కొస లాగితే విడిపోతుంది. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు.

చిట్టి గుమ్మంలో నిలబడి నా చేతులవైపే చూస్తోంది.

కొస పట్టుకుని లాగాను. రాలేదు. రెండో కొస లాగాను. ఇంకా బిగుసుకుంది. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది... నా వేళ్లు ఆ ముడి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

దాన్ని ఎలా విప్పాలో నాకు గుర్తు రావడం లేదు.