పరగడుపు చెంబు

పొద్దున్నే ఆ ఊళ్లో మొదట వినిపించేది బోరింగు పిడి చప్పుడు. కొట్టేది గుర్వయ్య. ఇత్తడి చెంబు నిండగానే ఎడమకాలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి, మనవరాలు స్వరూపను ఎదురుగా నిలబెట్టుకుంటాడు. "తాగు బిడ్డా, బొక్కలు గట్టిపడ్తయి" అంటాడు. ఆరేళ్ల స్వరూప గటగటా తాగేసి, ఖాళీ చెంబు బోర్లించి చూపిస్తుంది. తాతా మనవరాలూ నవ్వుకుంటారు. పిల్ల పాలు మానిన నాటి నుంచీ ఇది ఒక్కరోజు తప్పలేదు.

ఆ రోజు మాత్రం కోడలు సైదమ్మ ఆ నవ్వు చూడలేకపోయింది. జడ వేసి, ఇక లేవమంటే పిల్ల రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి ముసలమ్మలా లేచింది. నడుస్తుంటే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. పళ్లమీద పసుపు గీతలు పడి ఏడాదైంది. బొగ్గుపొడితో ఎంత తోమినా పోలేదు.

కిందటి వారం బడికి డాక్టర్లు వచ్చారు. పిల్లల పళ్లు చూశారు, గడ్డం ఛాతీకి ఆనించమన్నారు, కూర్చోబెట్టి లేపారు. బోరింగు నీళ్లు సీసాలో పట్టుకుపోయారు. నిన్న పంతులు సైదమ్మను పిలిపించి ఒక కాగితం ఇచ్చాడు. తండ్రి పోయాక ఏడో తరగతిలో బడి మానేసి కూలికి వెళ్లిన మనిషి ఆమె. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తప్పు చదివానేమోనని మళ్లీ పంతులు చేతే చదివించుకుంది. భూమి లోతులో నుంచి వచ్చే ఈ నీళ్లే ఎముకలు వంచుతున్నాయట. పిల్లకు ఇప్పుడే నీళ్లు మారిస్తే కాళ్లు నిలబడొచ్చట. ఆలస్యమైతే వంగింది వంగినట్టేనట.

సైదమ్మకు అప్పుడు నాలుగో నెల. కాగితం కొంగున ముడేసుకుని వచ్చిందే గానీ, రాత్రంతా కడుపుమీద చేయి తీయలేదు.

మధ్యాహ్నం చేను నుంచి వచ్చిన భర్త దశరథానికి మెల్లగా చెప్పింది. ఆత్మకూర్ దగ్గర కృష్ణ ఒడ్డున తన తల్లి ఉంది, అక్కడ ఏటి నీళ్లే తాగుతారు, పిల్లను అక్కడ దింపి వస్తానంది. బాపుకు ఎట్ల చెప్పాలె అని మాత్రం అన్నాడు దశరథం.

అతని భయం సైదమ్మకు తెలుసు. ఒకప్పుడు ఊరంతా మెట్ల బావి నీళ్లే తాగేది. ఆ నీళ్లతో కడుపులోకి పోయిన నారు పురుగు ఏడాదికి కాలు చీల్చుకుని బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగుకుంటూ జనం మంచాన పడేవాళ్లు. గుర్వయ్య కాలు అట్లానే పోయింది. పెద్దకొడుకు అదే పురుగు చేసిన పుండు చెడి చనిపోయాడు. కొడుకును మట్టిచేసి వచ్చిన గుర్వయ్య రెండేళ్లు నల్లగొండ ఆఫీసుల చుట్టూ తిరిగి ఊరికి బోరింగు తెచ్చాడు. మెట్ల బావిలో మొదటి రాయి తన చేత్తోనే వేసి పూడ్పించాడు. ఇప్పటికీ ఆడవాళ్లు శుక్రవారం బోరింగుకు పసుపు పెడతారు.

సాయంత్రం అన్నాల దగ్గర దశరథం నోరు తెరిచాడు. గుర్వయ్య చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఊరి పానం కాపాడిన నీళ్లురా అవి. కాగితమంట కాగితం. ఏడో తరగతి చదువుకు ఏం సమజైతది?"

సైదమ్మ మామకు ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి.

"చదువుతోని పనేంది మామా. అత్తమ్మ తల ఎత్తి మొగులు చూసి నాలుగేండ్లాయె. నా బిడ్డ గూడ గట్లనే నేల చూసుకుంట బతకాల్నా?"

అత్త శ్యామలమ్మ గోడవార కూర్చుని ఉంది. మెడ తిరగదు కాబట్టి మనిషే మొత్తంగా తిరిగింది. ఒకప్పుడు మూడు బిందెలు ఎత్తిన నడుము నేలకు వంగిపోయి ఉంది. అందరూ వాతం అన్నారు, ఆమె కూడా అవునంది.

"పంపు, పిల్లను పంపు," అంది భర్తతో మెల్లగా. "నాది వాతం గాదని నాకెప్పుడో అనుమానమొచ్చింది. కట్టంగూర్‌ల మా అక్క నాకంటె పెద్దది, ఆడ చెరువు నీళ్లు తాగుతది, నిటారుగ నడుస్తది. నువ్వు తల్లడిల్లుతవని ఊకున్న."

గుర్వయ్య చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు బోరింగు చప్పుడు మామూలు వేళకే వినిపించింది. చెంబుతో లోపలికి వచ్చిన తాత ముందు స్వరూప అలవాటుగా చేతులు చాచి నిలబడింది. గుర్వయ్య ఇవ్వలేదు. పిల్ల మోకాళ్ల వైపే చూస్తున్నాడు.

"తాతా, ఇయ్యవా?"

అతను గడప దాటి నీళ్లన్నీ చిక్కుడు పాదులో పోశాడు. ఖాళీ చెంబు బోర్లించి పిల్లకు చూపించాడు. రోజూ తను చేసే పని తాత చేసేసరికి స్వరూప నవ్వింది. గుర్వయ్య అరుగుమీద కూలబడ్డాడు.

"ఎన్ని చెంబులు తాపిన బిడ్డా... నా చేతులతోనే తాపిన."

రాత్రంతా మామ మీద కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ సైదమ్మ నోట రాలేదు. అతని పక్కన కూర్చుంది. తెలిసి చేయలేదు గదా మామా అంది.

"గా బావిల పురుగు కండ్లకు కనపడ్డది. గీ నీళ్లల్ల ఏం కనపడలే," అన్నాడు. కండువాతో ముఖం తుడుచుకుని బస్సు ఎన్నింటికని అడిగాడు. "నువ్వు గూడ ఆన్నే ఉండు. కడుపుల ఉన్నదానికి గూడ గీ నీళ్లే పోతయి గదా. ఏటి నీళ్లు గీ ఊరికి వచ్చిన్నాడు రా."

"ఎప్పుడొస్తయి మామా?"

గుర్వయ్య ఖాళీ చెంబు తీసి పక్కన పెట్టాడు.

"అత్తమ్మకు వండిపెట్టేదెవరు?"

"నాకు చేతుల్లేవా."

నెలకోసారి వస్తానన్నాడు దశరథం, మూట కడుతూ, తల ఎత్తకుండా. శ్యామలమ్మకు మనుషుల పాదాలే తప్ప ముఖాలు కనపడవు. అందుకే స్వరూప ఎప్పటిలాగే అవ్వ ముందు నేలమీద కూర్చుని ముఖం పైకెత్తింది. శ్యామలమ్మ ఆ ముఖాన్ని చేతులతో తడుముతూ చాలాసేపు వదలలేదు.

బస్సు దారి బోరింగు పక్క నుంచే. గుర్వయ్య పిల్లను భుజానికెత్తుకుని కుంటుతూ ముందు నడిచాడు. బిందెల వరుసలో ముందున్న గోవిందమ్మ రోజూలాగే ఎగతాళికి దిగింది. బోరింగు పెద్దమనిషి మనుమరాలిని ఊరేగిస్తూ ఎక్కడికి బయలుదేరాడని అడిగింది.

అమ్మమ్మ ఇంటికని చెబితే సరిపోయేది. సైదమ్మ కూడా అదే అంటాడనుకుంది. గుర్వయ్య ఆగాడు. పసుపు పూసిన ఆ పిడి వైపు చూశాడు.

"నీళ్ల కోసం," అన్నాడు.

గోవిందమ్మ చేయి పిడిమీదే ఆగిపోయింది. బోరింగు మూతిలో మిగిలిన నీళ్లు చుక్కలుగా బిందెలో పడ్డాయి. వరుసలో నిలబడ్డ తల్లులు ఒక్కొక్కరే తమ పిల్లల కాళ్ల వైపు చూసుకున్నారు.