మిర్యాలగూడ బ్రాంచి బోణీ

"మందుల ఫ్రిజ్‌లో చామంతి దండలేంటండీ?"

నవనీత దండలన్నీ తెచ్చి రిసెప్షన్ బల్ల మీద పడేసింది. చందు కొత్త చొక్కా తడిసింది.

"ఉక్కకు వాడిపోతయని పెట్టిన సిస్టర్. ముహూర్తం దాంక జర ఓపిక పట్టున్రి."

"పాముకాటు ఇంజెక్షన్లు ఎక్కడ పెట్టను, మీ నెత్తినా?"

"ఓపెనింగ్ నాడు పాము ముచ్చటనా? మీ కోదాడోళ్ళకు శుభం పలుకుడు రాదా?"

"నాట్ల కాలం. మీ ముహూర్తం పాములకు చెప్పొచ్చారా?"

చందు నవ్వు ఆపుకున్నాడు. నెల రోజులుగా ఇదే వరస. డాక్టర్ మహేశ్వర్ సూర్యాపేటలో చిన్నగా మొదలుపెట్టిన ఆసుపత్రికి కోదాడలో రెండో శాఖ, ఇవాళ ఇక్కడ మూడోది. అంతా సవ్యంగా జరిగితే చందు దీనికి మేనేజరు. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి వచ్చిన నవనీత మాత్రం సాయంత్రం బస్సుకు కోదాడ వెళ్ళిపోతుంది. ఆమెతో చెప్పాల్సిన మాట అతని గొంతులోనే ఉంది.

బయట వాన మొదలైంది. దాంతోపాటే ఒక ఆటో మెట్ల దాకా వచ్చింది.

"పాము కరిసింది బిడ్డా! గొర్ల దొడ్డికాడ!" మాడుగులపల్లి నుంచి వచ్చిన జానమ్మ, భర్త సైదయ్య తలను ఒళ్ళో పెట్టుకుని కేక పెట్టింది. అతని కనురెప్పలు వాలిపోతున్నాయి.

చందు డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆయన అతిథులతో దారిలో ఉన్నాడు.

"అంబులెన్సుల సూర్యాపేటకు తోలు. కోదాడల మొదటి పేషెంటు పాణం పోయినంక ఆర్నెల్లు ఈగలు తోలుకున్నం, యాదికుందా? బోణీ కరాబైతే ఈ బ్రాంచి ఖతం. నీ కొలువు గూడ."

ఫోన్‌లోని మాటలు పక్కనే ఉన్న నవనీతకూ వినిపించాయి.

"సూర్యాపేటకు గంట పడుతుంది. దారిలోనే ఊపిరి ఆగిపోతుందండీ. ఇంజెక్షన్లున్నాయి, డ్యూటీ డాక్టరు లోపలే ఉన్నారు."

గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బన్. ఆమె జేబులోంచి కత్తెర తీసింది. చందు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు వద్దు, నేను కోస్త. నీ కొలువు పోతది."

"నీది పోదా?"

కత్తెర ఆమె వదల్లేదు, అతనూ వదల్లేదు. ఇద్దరి వేళ్ళ మధ్యే రిబ్బన్ తెగింది. స్ట్రెచర్ లోపలికి దూసుకుపోయింది.

కాసేపటికి కారు దిగిన మహేశ్వర్, గుమ్మానికి రెండు వైపులా వేలాడుతున్న రిబ్బన్ ముక్కలు చూశాడు.

"ఎవరు కోసిన్రు?"

"నేనే సార్," అన్నారిద్దరూ ఒక్కసారే.

అప్పుడే లోపలినుంచి పిలుపు వచ్చింది. "సార్, శ్వాస అందట్లేదు!"

మహేశ్వర్ పట్టు కండువా తీసి చందు చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తాడు. నవనీత వెనకే వెళ్ళింది.

తలుపు మూసుకుంది. అతిథులు గొడుగుల కింద గుసగుసలాడి ఒక్కొక్కరే జారుకున్నారు. జానమ్మ మెట్ల మీద తడుస్తూనే కూర్చుంది. చందు ఆ పట్టు కండువానే ఆమె భుజాల చుట్టూ కప్పాడు. ఆమె ముడతల చేతిలో అతని చెయ్యి ఉండిపోయింది. తలుపు తెరుచుకోలేదు. కోదాడ బస్సు వేళ కూడా దాటిపోయింది.

పొద్దు వాలుతుండగా నవనీత బయటికి వచ్చింది. జానమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది. "కళ్ళు తెరిచాడమ్మా," అంది.

వెనకే వచ్చిన మహేశ్వర్, జానమ్మ మీద ఉన్న తన కండువాను చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నా మాట కాదన్నవ్ చందూ. మంచిగ చేసినవ్. రేపటిసంది మేనేజరు కుర్చీల కూసో. నవనీతా, ఈడనే ఉండాల్నో కోదాడ పోవాల్నో నీ ఇష్టం బిడ్డా."

లోపలికెళ్ళి భర్తను చూసొచ్చిన జానమ్మ, బల్ల మీది దండల్లోంచి రెండు తీసి చెరొకరి చేతిలో పెట్టింది. "సల్లగుండున్రి."

నవనీత తన దండ చూసుకుంది. "పాపం, వాడిపోయాయి."

"పెండ్లికి తాజాయి తెప్పిద్దం," అనేశాడు చందు. అని నాలుక కరుచుకున్నాడు.

"ఎవరి పెళ్ళికి?"

అతను నేల చూపులు చూశాడు. ఆమె దండను చేతికి చుట్టుకుంది.

"కోదాడకు పొద్దున బస్సు ఎన్నింటికుంది?"

చందు ముఖం వాడిపోయింది. "పోతున్నవా?"

"మా నాన్నని అడగాలిగా. నువ్వూ రా."